సూర్యాస్తమయ ఛాయాచిత్రణము

అస్తమించు సూర్యుని, ఆ వేళ వన్నెలు మార్చు ఆకాశమును, దాని క్రింద నల్లబడు నేలను ఫొటో తీయునపుడు కెమెరా స్వయముగా చేయు నిర్ణయములకు లోబడక, అపర్చరు, షట్టరు వేగము, ఐ.ఎస్.ఓ. అను మూడింటిని ఛాయాచిత్రకారుడే తన చేత నిర్ణయించుకొను మాన్యువల్ పద్ధతి ఈ వ్యాసమునకు విషయము. ఇంత సులభముగా కనబడి ఇంత తరచుగా ఆశాభంగము కలిగించు దృశ్యము ఛాయాచిత్రణమున మరియొకటి లేదు. కంటికి జేవురించి కనబడిన ఆకాశము చిత్రమున పాలిపోవుటయు, సూర్యబింబ మున్నచోట తెల్లని మచ్చ యొకటి మిగులుటయు కెమెరా పట్టిన ప్రతివారికిని అనుభవమే. దోషము సాధారణముగా కెమెరాది కాదు. అందలి వెలుగును కొలుచు మీటరు తనకు కనబడిన దృశ్యము నంతటిని సగటు బూడిదవన్నెకు తెచ్చుటకై నిర్మింపబడినది. సంధ్యయో, సగటున కొదుగునది కాదు. ఏది వెలుగుగా నిలువవలెనో, ఏది చీకటిలో కలిసిపోయినను బాధ లేదో తేల్చుకొనుట మనుష్యుని పని. మాన్యువల్ పద్ధతి యన్నదంతయు ఆ తేల్చుకొనుటయే.

సంధ్యాకాంతి

ఆకాశవర్ణములకు హేతువును 1871లో, పిమ్మట లార్డ్ రేలీ యని ప్రసిద్ధుడైన జాన్ విలియం స్ట్రట్ గణితముతో నిరూపించెను. వాయువులోని అణువులు వెలుగును చెదరగొట్టు శక్తి తరంగదైర్ఘ్యము యొక్క నాలుగవ ఘాతమునకు విలోమముగా నుండును గనుక, 450 నానోమీటర్ల నీలకాంతి 650 నానోమీటర్ల ఎఱ్ఱకాంతికంటె నాలుగు రెట్లకు మించి చెదరును. నడినెత్తిన నున్న సూర్యుని కిరణము దాటవలసిన వాయురాశికి దాదాపు 38 రెట్లు వాయురాశిని క్షితిజమున నున్న సూర్యుని కిరణము దాటవలసి యుండుటచే, నీలము దారిలోనే చెదరిపోయి, మన కన్ను చేరునది పసుపును, నారింజయు, ఎఱుపును మాత్రమే. ఆ దారిలోనే సూర్యుని తేజస్సును తగ్గిపోవును. మధ్యాహ్న బింబపు దీప్తి చదరపు మీటరునకు సుమారు 160 కోట్ల కాండెలా లనుకొన్నచో, క్షితిజము చేరిన బింబమునకు మిగులునది సుమారు 6 లక్షలు. పగలంతయు చిత్రమున నిముడని సూర్యుడు సాయంకాలమున నిముడుటకు కారణ మిదియే.

మంచి సంధ్యకు ధూళి కావలెనను నమ్మకము లోకమున గలదు. అది సగమే సత్యము. నేల నంటి నిలిచిన పొగయు ధూళియు వన్నెలను మందగింపజేసి, సూర్యుని వెలుగు వెదజల్లని రాగిబిళ్లగా మార్చును. వానలు వెనుకబట్టి గాలి తేటపడిన దినములలో, ఆరేడు కిలోమీటర్ల ఎత్తున పీచులు పీచులుగా పరచుకొను పలుచని మేఘములు ఉండి, పడమటి క్షితిజము మాత్రము మబ్బు లేక తెరపిగా నున్నపుడు, గ్రుంకిన సూర్యుని కిరణములు ఆ మేఘములకు అడుగునుండి సోకి ఉత్తమమైన సంధ్య ఏర్పడును. నేలకు మిక్కిలి ఎత్తున, స్ట్రాటోస్ఫియరున వ్యాపించు అగ్నిపర్వతపు సూక్ష్మకణముల మాట వేరు. 1883 ఆగస్టులో క్రకటోవా బ్రద్దలైన పిమ్మట భూగోళమంతటను మాసముల తరబడి సంధ్యలు అసాధారణముగా ఎఱ్ఱబారెను.

వాయుమండలము కిరణములను వంచుటచేత మరియొక చిత్రము జరుగును. క్షితిజమువద్ద ఆ వంపు సుమారు 34 కళలు (కళ యనగా డిగ్రీలో 60వ వంతు). సూర్యబింబపు వ్యాసము 32 కళలు. అనగా బింబపు క్రిందియంచు సముద్రమును తాకినట్లు మనకు కనబడు క్షణమున, నిజమైన సూర్యుడు పూర్తిగా క్షితిజమునకు దిగువనే యున్నాడు. మనము ఫొటో తీయుచున్నది అతని ప్రతిచ్ఛాయను. బింబపు పై అంచుకంటె క్రిందియంచు అధికముగా పైకెత్తబడుటచే అది అడ్డముగా నొక్కినట్లు అండాకృతి తాల్చును.

చరిత్ర

తొలినాటి ఛాయాచిత్రణమునకు సంధ్య శత్రువు. 1850 దశకమున వాడుకకు వచ్చిన తడికొలోడియన్ ప్లేటులకు నీలకాంతియే గాని ఎఱ్ఱకాంతి సోకదు. సముద్రమునకు తగినంతసేపు ప్లేటు నుంచిన ఆకాశము మితిమీరిన కాంతిచే తెల్లబోవును. ఆకాశమునకు తగినట్లుంచిన సముద్రము నల్లబోవును. ఫ్రెంచివాడగు గుస్తావ్ ల గ్రే 1856-57 సంవత్సరములలో తీసిన సముద్రచిత్రములలో కొన్నింటికి ఆకాశమునకొక నెగటివును, నీటికొక నెగటివును వేరువేరుగా తీసి, రెండింటిని క్షితిజరేఖవద్ద అతికి ఒకే కాగితముపై అచ్చొత్తి ప్రేక్షకులను ఆశ్చర్యపరచెను. నేడు రెండు మూడు ఎక్స్‌పోజరులను కంప్యూటరులో కలుపుట కపటమని ఈసడించువారు, ఆ పని ల గ్రే నాటికే యున్నదని ఎఱుగుట మేలు.

1873లో జర్మనీకి చెందిన హెర్మన్ ఫోగెల్, ప్లేటులోని రసాయనమునకు రంగుకలిపిన యెడల అది నీలమునకు మించిన కాంతులనుగూడ గ్రహింపగలదని కనిపెట్టెను. ఐనను ఎఱుపు వెంటనే వశము కాలేదు. క్రకటోవా సంధ్యలు ఐరోపాకు చేరినపుడు వానిని ఉన్నదున్నట్లు నిలుపగల కెమెరా లోకమున లేకపోవుటచే, విలియం ఆస్‌క్రాఫ్ట్ అను చిత్రకారుడు లండనులో థేమ్స్ నది గట్టున చెల్సీ ప్రాంతమున నిలిచి, క్షణక్షణము మారు ఆకాశమును రంగుసుద్దలతో ఐదు వందలకు పైబడిన చిత్రములుగా గీసియుంచెను. అన్ని వర్ణములను గ్రహించు ప్లేటులు 1906లో విక్రయమునకు వచ్చెను. మరుసటియేట లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్ ప్లేటు రంగుచిత్రమును సాధారణులకు అందించెను. 1935లో వెలువడిన కొడాక్రోమ్ ఫిల్ముతో సంధ్యాచిత్రణము ప్రతియాత్రికుని వేడుకయైనది. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు కల్పించిన, కాంతిని విద్యుత్సూచనగా మార్చు సి.సి.డి. అను సెన్సారు నేటి డిజిటల్ కెమెరాకు మూలము. ఆ కల్పనకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించెను.

మూడు సాధనములు

అపర్చరు లెన్సులో వెలుగు దూరు రంధ్రము. దాని అంకెలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను వరుసలో నడచును. అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదగును, ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. ఈ మెట్టును స్టాపు అందురు. షట్టరు వేగము సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు అని అట్లే సగము సగముగా మారును. ఐ.ఎస్.ఓ. అనునది సెన్సారు సూచనను ఎంత పెంచవలెనో తెలుపు అంకె, అమెరికావారి ఏ.ఎస్.ఏ., జర్మనీవారి డి.ఐ.ఎన్. కొలతలను 1974లో ఒక్కటిగా కూర్చి ఏర్పరచిన ప్రమాణమిది. మూడును స్టాపులలోనే కొలువబడుటచే, ఒకదానిని ఒక స్టాపు తగ్గించి మరియొకదానిని ఒక స్టాపు పెంచినచో చిత్రపు వెలుగు మారదు.

మూడింటిని ఒకేసారి కదపజూచుటయే క్రొత్తవారు పొందు కలవరమునకు మూలము. అస్తమయమువేళ రెండింటిని స్థిరపరచి ఒకదానిని మాత్రమే కదుపుట శ్రేయస్కరము. ఐ.ఎస్.ఓ. 100 వద్ద నిలుపవలెను. సంధ్యాకాశమువంటి నునుపైన వర్ణక్రమమున నలుసులు మిక్కిలి స్పష్టముగా కనబడును గనుక అంకె పెంచుట కడపటి ఉపాయము. అపర్చరు ఎఫ్ 8 గాని 11 గాని ఉంచవలెను. 16 దాటినచో రంధ్రపుటంచులవద్ద కాంతి వంగుటచే చిత్రమంతయు కొంచెము మెత్తబడును. ఐనను కమ్మీచాటునుండియో కొమ్మచాటునుండియో తొంగిచూచు సూర్యుని చుట్టు నక్షత్రపు కిరణములు కోరువారు ఆ నష్టమున కొప్పుకొని 16 వాడుదురు. ఆ కిరణముల సంఖ్య లెన్సులోని రేకుల సంఖ్యనుబట్టి యుండును: రేకులు సరిసంఖ్యయైన అన్నియే కిరణములు, బేసిసంఖ్యయైన అందుకు రెట్టింపు. ఇక మిగిలినది షట్టరు. దానినే చీకటి పడుకొలది ఒక్కొక్క మెట్టు దించుకొని పోవలెను.

మీటరును సూర్యునివైపు త్రిప్పరాదు. త్రిప్పిన అది బెదరి సర్వమును నల్లజేయును. నేలవైపు త్రిప్పిన ఆకాశము కాలిపోవును. సూర్యుని పూర్తిగా చట్రమునకు వెలుపల నుంచి, బింబమునకు ప్రక్కగా నున్న వెలుగైన ఆకాశమును మాత్రమే కొలిచి, అందు వచ్చిన విలువలను చేతితో బిగించి, పిమ్మట కెమెరాను కోరిన దృశ్యమునకు త్రిప్పవలెను. ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8 వద్ద ఈ కొలత అస్తమయమునకు కొంచెము ముందు సాధారణముగా 125వ వంతు సెకనుకు అటునిటు వచ్చును. తీసినపిమ్మట, చిత్రమందలి వెలుగుల పంపకమును ఎడమ చీకటినుండి కుడి వెలుగు వరకు గీతగా చూపు హిస్టోగ్రామును చూడవలెను; అందును మూడు రంగులకు వేరువేరుగా గీతలు చూపు దానినే నమ్మవలెను. సగటు గీత కుదురుగా నున్నట్లు తోచుచుండగనే ఎఱుపుగీత కుడిగోడకు కొట్టుకొని యుండుట సంధ్యలో పరిపాటి. అట్టి చిత్రమున ఎఱ్ఱని ఆకాశము వివరము కోల్పోయి పసుపుపచ్చని పట్టీగా మారును. స్టాపులో మూడవ వంతో, రెండు వంతులో తగ్గించిన వన్నె తిరిగివచ్చును.

దూరమును చేతితో సరిచూచుకొనుటకు ఒక లెక్క గలదు. 24 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 8 వద్ద సుమారు 2.4 మీటర్ల దూరమునకు సరిచేసినచో, 1.2 మీటరు మొదలు అనంతము వరకు సమస్తమును చాలినంత స్పష్టముగా నుండును. బింబము చిత్రమున ఎంత పెద్దదగునో తెలుపు లెక్క మరియొకటి: లెన్సు నాభ్యంతరమును, అనగా లెన్సునకు చెప్పు మిల్లీమీటర్ల అంకెను, 108తో భాగించిన సెన్సారుపై సూర్యబింబపు వ్యాసము వచ్చును. జపమాల పూసల సంఖ్య గనుక మనవారు దీనిని మరచు భయము లేదు. 24 మిల్లీమీటర్ల లెన్సున బింబము మిల్లీమీటరులో నాలుగవ వంతైనను ఉండదు. 200 లెన్సున 1.85, 600 లెన్సున ఐదున్నర మిల్లీమీటర్లు. 24 మిల్లీమీటర్ల ఎత్తుగల చట్రమున పెద్ద సూర్యుని చూడగోరువారు ఈ అంకెలను చూచి లెన్సు నెన్నుకొనవలెను.

గోదావరి గట్టున

తెలుగువారి సముద్రము తూర్పున నుండుటచే, నీటిలో గ్రుంకు సూర్యుడు వారికి తీరమున దొరకడు. ఆ లోటును నదులును చెరువులును తీర్చుచున్నవి. హైదరాబాదున హుస్సేన్ సాగరపు తూర్పుగట్టైన ట్యాంక్‌బండుపై నిలిచినవారికి నీటి కావల సూర్యుడు దిగును. వీనియన్నింటిలో ప్రసిద్ధమైనది రాజమహేంద్రవరము. ఊరు గోదావరికి తూర్పుగట్టున నుండి, కొవ్వూరు పడమటిగట్టున నుండుటచే, పుష్కరఘాట్ మెట్లపై కూర్చున్నవారికి అఖండ గోదావరిపై అస్తమయము ఎదురుగా జరుగును. 1900లో తొలిరైలు నడచి 1997లో విశ్రమించిన హేవ్‌లాక్ వంతెనయు, దాని చెంతనే వెలసిన ఆర్చి వంతెనయు దృశ్యమునకు నల్లని రేఖలు సమకూర్చును.

ఇచ్చటి అక్షాంశము 17 డిగ్రీలు. జూన్ మూడవ వారమున సూర్యుడు నేరు పడమరకు సుమారు 24½ డిగ్రీలు ఉత్తరముగను, డిసెంబరు మూడవ వారమున అంతే దక్షిణముగను గ్రుంకును. ఒక మాసమున కమానుల నడుమ దిగిన బింబము మరియొక మాసమున వంతెనకు దూరముగా నీటిపై దిగును గనుక, ముందుగా దిక్కు లెక్కించుకొని పోవనివాడు ఉత్తచేతులతో రావలసినదే. బింబపు క్రిందియంచు క్షితిజమును తాకినది మొదలు పైయంచు మునుగువరకు పట్టునది రెండుంబావు నిమిషములు. సూర్యుడు ఆరు డిగ్రీలు దిగువకు పోవు వరకు నుండు పౌరసంధ్య ఇచ్చట 22 నుండి 24 నిమిషములలో ముగియును. లండనులో నడివేసవి నాడది ముప్పాతిక గంట. పాశ్చాత్యుల పుస్తకములు చదివి తీరిగ్గా ఫిల్టరు లమర్చుకొనువారిని మన సంధ్య వేచియుండదు.

నిర్మలాకాశమున సాధారణముగా విలువలు నడచు తీరిది. ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 8 స్థిరములు. బింబము నీటికి రెండు మూడు డిగ్రీల ఎత్తున నున్నపుడు 125 లేక 250వ వంతు. మునుగు క్షణమున 60వ వంతు. పది నిమిషములకు 15వ వంతు. ఇరువది నిమిషములకు అర సెకను. తొలి పది నిమిషములలో రెండు స్టాపులు, మలి పదింటిలో మూడు. తగ్గుదల పోనుపోను వేగిరపడును. ఇది పడమటి ఆకాశపు లెక్క. నేలపై పడు వెలుగు ఇంకను త్వరగా తగ్గి, అస్తమయమున సుమారు 400 లక్సులుగా నున్నది పౌరసంధ్య ముగియునప్పటికి మూడు నాలుగు లక్సులకు దిగును. అందుచేతనే మెట్లపై నున్న మనుష్యులు, ఒడ్డునున్న పడవలు నిమిషనిమిషమునకు ఆకాశముకంటె నల్లబడుదురు. వారిని నీడబొమ్మలుగనే విడుచుట నా దృష్టిలో ఉత్తమము.

వంతెనపై రైలు వచ్చినచో లెక్క మారును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు రైలు 30వ వంతు సెకనులో అర మీటరుకు పైగా కదలును. కిలోమీటరు దూరమునుండి 200 లెన్సుతో చూచిన సెన్సారుపై ఆ కదలిక మిల్లీమీటరులో పదవ వంతు; పెట్టెల కిటికీలగుండ కనబడు ఎఱ్ఱని వెలుగు అలికినట్లగుట కది చాలును. 250వ వంతుకు అదే కదలిక కంటికి తెలియదు. ఇచ్చట ఐ.ఎస్.ఓ.ను 400కు, 800కు పెంచుటకు వెనుదీయరాదు. నలుసులను పిమ్మట తగ్గింపవచ్చును. పోయిన రైలు అదే వెలుగులో తిరిగి రాదు.

మీటరు లేని చిత్రము

చేతిలెక్కకు లోకప్రసిద్ధమైన నిదర్శనము అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామమువద్ద తీసిన చంద్రోదయ చిత్రము. కారులో పోవుచు, మేఘపంక్తిపై చంద్రుని, క్రింద శ్మశానవాటికలోని తెల్లని శిలువలపై అస్తమయకాంతిని చూచి బండి నాపి పెద్దకెమెరాను నిలుపునంతలో అతనికి మీటరు కనబడలేదు. చంద్రుని దీప్తి చదరపు అడుగునకు 250 కాండిళ్లని జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ వెలుగు చిత్రమున ఎంత తెల్లగా నుండవలెనో నిశ్చయించుకొని, ఎఫ్ 32 వద్ద ఒక సెకను ఎక్స్‌పోజరు నిచ్చెను. రెండవ చిత్రము తీయబోవునంతలో శిలువలపై ఎండ తొలగిపోయెను. ఆడమ్స్ తేదీల విషయమున అజాగ్రత్తపరుడు. చంద్రుని స్థానమునుబట్టి ఖగోళజ్ఞులు లెక్కించి 1941 నవంబరు 1 అని తేల్చిరి. ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనువారు అంతకు కొలది కాలము ముందు రూపొందించిన జోన్ పద్ధతి సారమిదియే: కటికనలుపునుండి శుద్ధధవళము వరకు గల మెట్లలో దృశ్యమునందలి ఏ భాగమును ఏ మెట్టున నుంచవలెనో ముందుగా మనస్సున చూచి, పిమ్మట షట్టరు నొక్కుట.

వన్నె, వడపోత, ముఖములు

కెమెరా స్వయముగా చేయు వైట్ బ్యాలెన్స్ సంధ్యారాగమును దోషముగా నెంచి, దానిని దిద్ది తెల్లజేయజూచును. దానిని మాన్పి 5500 కెల్విన్ వద్ద నిలిపిన వన్నెలు నిజమునకు దగ్గరగా నుండును. 6500కు పెంచిన ఇంకను వెచ్చబడును. 8000 దాటించుట ఆకాశమును అవమానించుట. సెన్సారు పట్టినదానిని దిద్దక దాచు రా ఫైలుగా తీసినచో ఈ నిర్ణయమును తరువాతికి వాయిదా వేయవచ్చును. 14 బిట్ల రా ఫైలులో ఒక్కొక్క రంగునకు 16,384 మెట్లుండగా జేపెగ్‌లో 256 మాత్రమే యుండుటచే, సంధ్యాకాశపు నునుపైన వర్ణక్రమము జేపెగ్‌లో దిద్దుబాటునకు గురియైనపుడు చారలు చారలుగా విరుగును.

పైసగము నల్లగా, క్రిందిసగము తేటగా నుండు గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు ఆకాశమును రెండు మూడు స్టాపులు తగ్గించి నేలతో సమము చేయును. ఆకాశమును ప్రతిఫలించు నదీదృశ్యమునకు దీని అవసరము తక్కువ. పోలరైజరు సూర్యునికి లంబదిశలో పనిచేయును గాని సూర్యునెదుట నిరుపయోగము.

ఇటీవల ప్రీ వెడ్డింగ్ షూట్‌ల పుణ్యమా యని సంధ్యాకాశము ముందు వధూవరులను నిలుపుట వాడుకయైనది. ఆకాశమునకు తగిన విలువలను చేతితో బిగించి, ముఖములకు మాత్రము ఫ్లాషు నీయవలెను. ఫ్లాషుతో షట్టరు సాధారణముగా 200 లేక 250వ వంతునకు మించరాదు. ఫ్లాషుకాంతి నీలివైపు మొగ్గును గనుక దానిపై నారింజవన్నె పలుచని జెల్ కాగితము కట్టనిచో, జంట అచ్చటివారు కాక ఎచ్చటనుండియో కత్తిరించి అతికినట్లుందురు. మొబైలు ఫోనుల ప్రో మోడ్‌లో అపర్చరు చాలవరకు మారదు, షట్టరు, ఐ.ఎస్.ఓ. రెండే చేతిలో నుండును.

పడమరను చూచుచు తూర్పును మరచువారే అధికులు. విశాఖ, భీమిలి తీరములలో అస్తమయానంతరము సముద్రముపై లేతగులాబి పట్టీయొకటి లేచును. దాని క్రిందనుండి పైకి ప్రాకు నీలిబూడిద పొర భూమి తన నీడను వాయుమండలముపై వేయుటచే కలిగినది. పడమటి కొలతకంటె దీనికి ఎక్కువ ఎక్స్‌పోజరు కావలసియుండును.

సూర్యాస్తమయపు చివరి క్షణమున బింబపు పైయంచు పచ్చగా మెఱయు హరితకిరణము 1882లో వెలువడిన జూల్ వెర్న్ నవలచే లోకమున ప్రచారము పొందినను, కంటిభ్రమ యను వాదము చిరకాలము సాగెను. 1958లో వాటికన్ వేధశాలవారు ప్రకటించిన రంగుచిత్రములు ఆ వాదమునకు స్వస్తి చెప్పెను. దీనికి 600 లెన్సు, నిర్మల క్షితిజము, అదృష్టము మూడును కావలెను.

ఒక హెచ్చరిక. దూరపు లెన్సు గల కెమెరా కంటిచూపుగొట్టమునుండి సూర్యుని చూచుట, భూతద్దముతో ఎండను కంటిలోనికి మళ్లించుకొనుటయే. కంటిపొర కాలునపుడు నొప్పి తెలియదు. ఛాయాచిత్రణపు ఫిల్టరులు పరారుణ కిరణముల నాపవు గనుక వానిని అడ్డముంచుకొనుట రక్షణ కాదు. అద్దము లేని (మిర్రర్‌లెస్) కెమెరాలలో చూపుగొట్టమున కనబడునది తెరబొమ్మయే గనుక కన్ను బ్రతుకును గాని, ఎత్తున నున్న సూర్యునివైపు లెన్సును చిరకాలము నిలిపిన సెన్సారునకు హాని కలుగును. కావున చట్రము నమర్చుకొనుటకు వెనుకతెరనే వాడి, రెండు ఫొటోల నడుమ లెన్సు మూత మూయుడు.